పండినంక కొయ్యి

ఎర్రబోడు మఠంలో జరిగిన క్రిస్మస్ విందు గురించి ఉపదేశులు చెప్పే కథ ఒకటుంది. వంటశాల పెద్ద ఇన్నయ్య, శిష్యుడికి ఓర్పు నేర్పడానికి బిషప్పుగారినీ నూరుమంది అతిథులనూ ఆకలితో కూర్చోబెట్టాడట. శిష్యుడి చేతిలో మాడి బొగ్గయిన పంది తొడ మీద తన గొంగడి కప్పి జపం చేశాడట. గొంగడి తీసేసరికి మాంసం తేనెలా తియ్యగా మారిందట.

ఈ కథను నమ్మడానికి కొన్ని ఇబ్బందులున్నాయి. ఆ ఏడాది బిషప్పు ఎర్రబోడుకు రాలేదు. మఠం భోజనశాలలో బల్లలన్నీ దగ్గరికి చేర్చినా ఇరవై మందికి మించి పట్టరు. మాడిన మాంసం మళ్లీ మాడనిదిగా మారడం వంట తెలిసినవారెవరూ చూసి ఉండరు. పైగా ఓర్పు గురించి పాఠం చెప్పడం ఇన్నయ్య తీరే కాదు. ఆయన నోట ఒకేసారి మూడు మాటలకు మించి విన్నవారు అరుదు.

అద్భుతాన్ని తీసి పక్కన పెట్టినా ఒక తగాదా మిగులుతుంది. గొంగడి కప్పిన మాట నిజమేనని అందరూ ఒప్పుకుంటారు. దేని మీద కప్పారన్న దగ్గరే పేచీ. మాంసం మీదనే అని శిష్యుడు శౌరయ్య బతికున్నన్నాళ్లూ చెప్పాడు. శిష్యుడి మీదనే అని, కిటికీలోంచి తన కళ్లతో చూశానని, మఠానికి పందులిచ్చే బక్కయ్య అన్నాళ్లూ చెప్పాడు. ఇద్దరూ అబద్ధమాడే మనుషులు కారు. అందుకని జరిగినదాన్ని మొదటి నుంచి చూడటం మేలు.

*

శౌరయ్యది గుంటూరు జిల్లా. చరిత్రలో బి.ఏ. పూర్తి చేసి, రెండేళ్లు బడిలో పాఠాలు చెప్పి, ఆ ఉద్యోగం వదులుకొని 1934 వేసవిలో ఎర్రబోడుకు వచ్చాడు. మెదకు అవతల, నిజాం రాజ్యంలో, ఎర్రరాతి గుట్ట కింద ఉన్న చిన్న మఠం అది. బడిలో తాను చెప్పినదంతా ఎవరో ఒకరు అంతకుముందు అన్నదేనని, తన చేత్తో చేసినది ఒక్కటీ లేదని అతనికి దిగులు. ఆ దిగులే అతన్ని అక్కడికి నడిపించింది.

మఠంలో బ్రదర్‌గా చేరాలంటే ఏదో ఒక పని చేతికి వచ్చి ఉండాలని నియమం. శౌరయ్యకు వంటశాల పడింది. వంటశాల అంటే ఇన్నయ్య. చదువు రాదు. వయసు ఎంతో ఆయనకే తెలియదు. ఎండాకాలంలో కూడా భుజం మీద నల్ల గొంగడి ఉండేది. శౌరయ్యను మొదటి రోజు నుంచీ ఆయన 'పంతులూ' అనే పిలిచాడు.

నవంబరు నడుమ మఠం పెద్ద ఫాదర్ బెర్నార్దో శౌరయ్యను పిలిపించాడు. ఆయన ఇటలీ దేశస్థుడు, డెబ్బై దాటినవాడు. తెలుగు పుస్తకాల్లో ఉన్నట్టే మాట్లాడేవాడు.

"ఇన్నయ్యకు చేతులు వణకుచున్నవి. ఈ క్రిస్మస్ తొడను నీవు కాల్చవలెను. దానిని రుచి చూచి ఇన్నయ్య ఔనన్న యెడల జనవరి ఆరవ దినమున నీవు దేవుని యెదుట మాటపట్టు తీసికొని బ్రదర్‌వి అగుదువు."

"అనకపోతేనండీ?"

"నీ బడికి తిరిగి పొమ్ము. అచ్చటను దేవుడున్నాడు."

*

ఎర్రబోడులో క్రిస్మస్ తొడ అంటే పంది వెనక తొడను తోలుతో సహా రొట్టెల బట్టీలో కాల్చి, పైన జామపండ్ల పాకం పూసి, అద్దంలా మెరిసేటట్టు చేసేది. ఏడాదికి ఒక్కసారే. దాని విధానం వంటశాల గూట్లో ఉన్న ఒక పాత నోటుపుస్తకంలో ఉండేది. ఇన్నయ్య చెప్తుంటే ఇరవై ఏళ్ల కింద ఎవరో ఉపదేశి రాసినది.

మొదటి ప్రయత్నానికి శౌరయ్య ఆ పుస్తకం వైపు చూడలేదు. ఆరు నెలలుగా ఇన్నయ్య పక్కనే నిలబడ్డాడు. ఆ మాత్రం రాదా అనుకున్నాడు. నవంబరు ఇరవై అయిదు, ఆదివారం. బక్కయ్య చిన్న తొడ ఒకటి తెచ్చిచ్చాడు. శౌరయ్య తోలు మీద గళ్లు గీశాడు. ఉప్పు, మిరియాలు, లవంగాల పొడి రుద్దాడు. జామకాయలు ఉడికించి, గుడ్డలో వడగట్టి, బెల్లమూ నిమ్మరసమూ వేసి పాకం పట్టి, కోడి ఈకతో నాలుగుసార్లు పూశాడు. గోనెసూది గుచ్చి చూస్తే నీరు తేటగా వచ్చింది. బయటికి తీశాడు. వేడి చల్లారితే రుచి పోతుందని గబగబా కోశాడు.

పీట మీద రసం మడుగు కట్టింది. ముక్క మాత్రం నోట్లో పీచులా తిరిగింది.

ఇన్నయ్య ఒక ముక్క తీసుకున్నాడు. చాలాసేపు నమిలాడు.

"పండలె," అన్నాడు.

"ఏం పండలేదు, తాతా?"

అప్పటికే ఇన్నయ్య కుండలు తోముకోవడానికి వెళ్లిపోయాడు.

*

ఆ మధ్యాహ్నం శౌరయ్య గూట్లోంచి నోటుపుస్తకం తీశాడు. చివర ఇలా ఉంది:

'జామపండ్ల పాకం కోడీకతోని నాలుగు మార్లు పుయ్యి. బట్టీలకెల్లి బయటికి తియ్యి. పండవెట్టు. పండినంక కొయ్యి.'

శౌరయ్య ఆ వాక్యాలను మూడుసార్లు చదివాడు. తరువాత అతని ముఖంలో చాలా రోజులుగా లేని వెలుగు వచ్చింది. శాసనాల నకళ్లలో ఇలాంటివి ఎన్ని చూడలేదు! రాసేవాడి కన్ను పంక్తి తప్పుతుంది. ముందుండవలసిన మాట వెనక్కి పోతుంది. తొడ బట్టీలోంచి బయటికి వచ్చాక పండు పండబెట్టడమేమిటి? పండిన తరువాత కొయ్యడమేమిటి? అవి జామపండ్ల మాటలు. చెట్టు మీదే పండనిచ్చి, పండాక కొయ్యాలి. ఇన్నయ్య అన్నదీ అదే: పండలేదు. తాను వాడినవి దోరకాయలు!

ఎర్రసిరాతో ఆ రెండు వాక్యాల చుట్టూ గీత గీసి, బాణం గుర్తు వేసి, పేజీ మొదటికి చేర్చాడు. పక్కన చిన్న అక్షరాలతో 'లేఖకప్రమాదం', అంటే రాసినవాడి పొరపాటు, అని రాశాడు.

బక్కయ్య కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"ఏం పంతులూ, పుస్తకానికి వాతలు వెడ్తున్నవ్?"

"తప్పు దిద్దుతున్నాను, బక్కయ్యా. ఇరవై ఏళ్లుగా ఎవరూ చూడలేదు."

"ఇరువై ఏండ్లు మేం గట్లనే తిన్నం. మంచిగనే ఉండె."

*

డిసెంబరు మూడు పునీత శౌరివారి పండుగ. శౌరయ్య పేరు పండుగ కూడా. మంచి రోజని ఆశపడ్డాడు. చెట్టు మీదే పసుపెక్కిన పండ్లు ఏరి తెచ్చాడు. అంతా పద్ధతి ప్రకారం చేశాడు. తొడ బయటికి రాగానే కత్తి పెట్టాడు.

మళ్లీ పీట నిండా రసం. మళ్లీ పీచు. దానికి తోడు ఈసారి పాకం సరిగా కట్టలేదు. తోలు మీద నిలవకుండా పళ్లెంలోకి జారింది.

ఇన్నయ్య నమిలాడు. ముఖం చూస్తే జాలి పడుతున్నట్టుంది.

"పండలె, బిడ్డా."

"తాతా, చెట్టు మీద పండినవే తెచ్చాను! చూడండి, ఎంత పసుపుగా ఉన్నాయో!"

ఇన్నయ్య జామపండ్ల వైపు చూశాడు. శౌరయ్య వైపు చూశాడు. శౌరయ్యకు ఏమైందో అర్థం కానట్టు ఆయన ముఖం కూడా అయోమయంగానే మారింది.

"పండ్లు మంచిగనే ఉన్నయి గద," అన్నాడు.

"మరి పండలేదన్నారు!"

"పండలె," అని తల ఊపి, పొయ్యి కింద బూడిద ఎత్తసాగాడు.

శౌరయ్య ఆ రోజంతా ఆలోచించాడు. పండ్లు మంచివే. కాని పండలేదు. ఈ రెండు మాటలు ఒకే నోట, ఒకే నిమిషంలో వచ్చాయి. తర్కంలో ఇలాంటి చోటికి వస్తే మొదటి ప్రతిపాదన తప్పై ఉండాలి, లేదా రెండోది. బహుశా పెద్దాయన 'మంచివే' అన్నది మర్యాదకు. పండ్లు ఇంకా పండాలి.

ఈసారి వరిగడ్డి తెచ్చి గంపలో పరిచి, పండ్లను అయిదు రోజులు మాగవేశాడు. డిసెంబరు ఎనిమిదిన గంప మూత తీయగానే వంటశాలంతా పులిసిన వాసన కమ్ముకుంది. పండ్లు గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే వేళ్లలోంచి జారాయి.

బక్కయ్య లోపలికి తొంగి చూసి ముక్కు ఎగబీల్చాడు.

"సామీ, మఠంల ఎప్పటిసంది కల్లు దించుతున్నరు?"

"వెళ్లవయ్యా నువ్వు."

"నేను పోత గని, పంతులూ, నా పంది బతికుండంగ గూడ గింత తిప్పలు పడలె."

పాకం అసలు గట్టిపడనే లేదు. తొడ మీద పోస్తే నీళ్లలా కారిపోయింది. మాంసం ఎప్పటిలానే. ముక్క నోట్లో పెట్టుకున్న ఇన్నయ్య ఈసారి నమలడం మధ్యలో ఆపి, శౌరయ్య కళ్ల కింద నల్లచారలను చూశాడు. చూసి, చాలా మెల్లగా అన్నాడు.

"అస్సలు పండలె."

*

ఆ తరువాత రెండు వారాలూ శౌరయ్య మనిషి మనిషిలా లేడు. తెల్లవారకముందే లేచి నోటుపుస్తకం ముందు కూర్చునేవాడు. బాణం గుర్తు చెరిపి మళ్లీ వేసేవాడు. పండిన పండు పనికిరాలేదు. మాగిన పండు ఇంకా పనికిరాలేదు. కాని గురువు పండలేదనే అంటున్నాడు. ఆరు నెలల కింద వదిలివచ్చిన బడి గది అతని కళ్లముందు కదిలేది: సుద్దముక్క, నల్లబల్ల, ఎవరో అన్న మాటలు.

ఒకసారి నేరుగా అడిగాడు.

"తాతా, పండబెట్టడం ఎట్లాగో చెప్పండి. నాకు తెలియడం లేదు."

ఇన్నయ్యకు నవ్వు వచ్చింది. ఎవరైనా తనను 'నీళ్లు తాగడమెట్లా' అని అడిగినట్టు నవ్వాడు.

"అదేం అడుగుడు, పంతులూ? అవ్వ నేర్పలేదా?"

అంతే. శౌరయ్య తనను వెక్కిరిస్తున్నారనుకొని మరి అడగలేదు.

*

క్రిస్మస్ రోజు. మంగళవారం. శౌరయ్య తెల్లవారుజామునే బట్టీ రాజేశాడు. బక్కయ్య తెచ్చినది ఎనిమిది సేర్ల తొడ. పండ్ల విషయంలో ఆశ వదులుకున్నాడు. ఇన్నయ్య ఏరి పక్కన పెట్టిన దోరజామలనే ఉడికించాడు. పాకం మొదటిసారిలాగే సరిగా కుదిరింది. నాలుగుసార్లు పూశాడు. తోలు ఎర్రగా, గళ్లు గళ్లుగా విచ్చుకుంది. గోనెసూది గుచ్చితే తేటనీరు వచ్చింది.

పన్నెండు గంటలకు బయటికి తీశాడు. మోచేతుల దాకా పాకం జిగురు. భోజనశాలలో అందరూ కూర్చున్నారని బెంచీల చప్పుడు చెప్తోంది. శౌరయ్య కత్తి అందుకున్నాడు.

ఆ చేతి మీద వణికే చెయ్యి ఒకటి పడింది.

ఇన్నయ్య కత్తి తీసుకొని చూరులో చెక్కాడు. తొడ ఉన్న పళ్లేన్ని రెండు చేతులా ఎత్తి, వంటశాల పక్క గదిలోకి నడిచాడు. అది ఆయన ఉండే గది. కిటికీ ఉన్న గోడకే ఒక మూలన నులకమంచం, దాని మీద తలగడగా మడిచి పెట్టిన మరో గొంగడి. కిటికీ కింద ఒక చాప. ఇన్నయ్య పళ్లేన్ని మంచం మీద పెట్టాడు. భుజం మీది గొంగడి తీసి, దులిపి, తొడ మీద కప్పాడు. నాలుగు అంచులూ లోపలికి మడిచాడు. మంచం పట్టె మీద కూర్చుని, గొంగడి మీద రెండుసార్లు మెల్లగా తట్టాడు.

శౌరయ్య గుమ్మంలో నిలబడిపోయాడు. పెద్దాయనకు మతి చలించిందేమోనని మొదట అనిపించింది.

"తాతా! ఏం చేస్తున్నారు? అక్కడ అందరూ..."

"శ్శ్." ఇన్నయ్య వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. "పండవెట్టిన."

"ఏమిటీ?"

"పొద్దుగాల సంది నిప్పుల నిలవడ్డది. పండనీ జరసేపు."

  మనిషి పండుకుంటాడని శౌరయ్యకు తెలుసు. గుంటూరులో కూడా ఆ మాట విన్నాడు. మాంసం పండుకుంటుందని మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. లేదా? ఉంది. ఇరవై ఏళ్లుగా గూట్లోనే ఉంది. తానే ఎర్రసిరాతో దాన్ని అక్కడి నుంచి తరిమేశాడు.

బయటికి తియ్యి. పండవెట్టు. పండినంక కొయ్యి.

శౌరయ్య లోపలికి నడిచాడు. కిటికీ కింద చాప మీద కూలబడి గోడకు ఆనుకున్నాడు. భోజనశాలలోంచి ఎవరో వచ్చి, ఫాదర్ అడుగుతున్నారని గుమ్మం దగ్గర చెప్పి వెళ్లారు. ఇన్నయ్య వినిపించుకోలేదు. మెడలోంచి జపమాల తీసి, పూసలు జరుపుతూ మొదలుపెట్టాడు. ఒక జపమాల అయ్యేదాకా అన్నమాట. ఆయన దగ్గర ఉన్న గడియారం అదొక్కటే.

శౌరయ్య కళ్లు మూసుకున్నాడు. మూసుకున్నాడు, అంతే. ఆ మాట తరువాత ముప్ఫై ఏళ్లు చెప్పాడు. మొదటి పది పూసలూ స్పష్టంగా విన్నాడు. ఆ తరువాత విన్నది జపమాల చివరి ప్రార్థన. మధ్యలోవి ఇన్నయ్య లోలోపల చెప్పుకొని ఉంటాడు.

కళ్లు తెరిచేసరికి ఇన్నయ్య ఎదురుగా నిలబడి ఉన్నాడు. చేతిలో కత్తి.

"లే. కొయ్యి."

శౌరయ్య చేతులకు అంటిన పాకంలో నల్లటి ఉన్నిపోగు ఒకటి కనిపించింది. తొడ మీది గొంగడిదై ఉంటుందనుకొని దులుపుకున్నాడు.

*

కత్తి దిగింది. శౌరయ్య పీట వైపు చూశాడు. మడుగు లేదు. రెండు చుక్కలు మాత్రం పడ్డాయి. మిగిలిందంతా ముక్కలోనే ఉండిపోయింది. కోసిన చోట తడి మెరుస్తోంది.

ఇన్నయ్య ఒక ముక్క తిన్నాడు. ఈసారి ఎక్కువసేపు నమలలేదు.

 పళ్లెం ఎత్తి శౌరయ్య చేతుల్లో పెట్టి, భోజనశాల వైపు తోశాడు.

బల్ల దగ్గర ఫాదర్ బెర్నార్దో మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ఆయన కళ్లు మూతపడ్డాయి. తరువాత రెండు అరచేతులూ కలిపి చెంప కింద పెట్టుకొని, తల ఒక పక్కకు వాల్చి, వెనక వస్తున్న ఇన్నయ్య వైపు చూశాడు. ఇన్నయ్య కూడా అలాగే అరచేతులు చెంప కింద పెట్టుకున్నాడు. ఇద్దరు ముసలివాళ్లూ పగలబడి నవ్వారు.

శౌరయ్య ఒకరి తరువాత ఒకరి వైపు చూశాడు.

"నేను ఈ దేశమునకు వచ్చిన కొత్తలో నాకు తెలుగు రాదు. ఇన్నయ్యకు నా భాష రాదు," అన్నాడు ఫాదర్. "మా అమ్మ మాంసమును విశ్రమింపజేయును. అది నేను ఇతనికి ఎట్లు చెప్పవలెను?"

ఆయన మళ్లీ చెంప కింద అరచేతులు పెట్టుకొని చూపించాడు.

"నాకర్థమైంది," అన్నాడు ఇన్నయ్య. "పంతులుకే కాలె."

అందరూ నవ్వారు. శౌరయ్యకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ఒక ముక్క తన పళ్లెంలో పెట్టుకున్నాడు. అది తన చేత్తో చేసినది. 

*

భోజనాలయ్యాక పీట కడుగుతున్న ఇన్నయ్య దగ్గరికి వెళ్లాడు.

"తాతా, ఒక్కటి చెప్పండి. మూడుసార్లు మీరు పండలేదన్నారు. మొదటిసారి అన్నది మాంసం గురించే. అర్థమైంది. రెండోసారీ మాంసం గురించే కావచ్చు. మూడోసారి మీరు మాంసం వైపు చూడలేదు. నా వైపు చూశారు. అప్పుడు పండలేదన్నది ఎవరిని?"

ఇన్నయ్య పీట బోర్లించాడు. చేతులు తుడుచుకున్నాడు. ప్రశ్న చాలా పొడవుగా ఉన్నట్టు, అందులో ఏ కొస పట్టుకోవాలో తెలియనట్టు అతని వైపు చూశాడు.

"పండితే పండుతది," అన్నాడు.

శౌరయ్య ఆ మాటను ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకూ తిప్పి చూశాడు. రెండు పక్కలా ఒకేలా ఉంది. ఆ సాయంత్రం నోటుపుస్తకం తీసి, తన బాణం గుర్తును అడ్డంగా కొట్టేసి, 'లేఖకప్రమాదం' అన్నచోట 'లేఖక' అన్నది చెరిపి 'పాఠక' అని రాశాడు. ఆ పేజీ ఈనాటికీ అలాగే ఉంది.

జనవరి ఆరున అతను మాటపట్టు తీసుకున్నాడు. వంటశాల అతని చేతికి వచ్చింది. ఇన్నయ్య ఆ తరువాత రెండేళ్లు బతికాడు. ఆ మధ్యాహ్నం సంగతి ఎప్పుడు వచ్చినా బ్రదర్ శౌరయ్య ఒకటే చెప్పేవాడు: గొంగడి కప్పింది తొడకే, తాను నిద్రపోలేదు, కళ్లు మూసుకున్నాడు, అంతే. బక్కయ్య వినేవాడు కాదు. "గోడకు ఆనిన మనిషిని ముసలాయన చాప మీద పండవెట్టి గొంగడి గప్పంగ ఈ కండ్లతోని చూసిన. గుర్రు గూడ విన్న. గా మంచం మీద ఏముండెనో నాకెరుక లేదు; కిటికీలకెల్లి మంచం కానరాదు," అనేవాడు.

మఠంలో ఉతుకులకు వేసిన బట్టల పట్టీ ఒకటి రోజూ రాసేవారు. ఫాదర్ బెర్నార్దో పెట్టిన అలవాటు అది. 1934 డిసెంబరు 26, బుధవారం నాటి పట్టీలో బట్టలు చూసే బ్రదర్ రాయప్ప చేతిరాతలో ఇలా ఉంది:

'వంటశాల నుంచి గొంగళ్లు రెండు. ఒకదానికి కొవ్వు, జామపాకం. రెండోదానికి జామపాకం మాత్రమే.'